ఎండెక్కక ముందే కోయాలి

నవంబర్ 6

అక్కా,

రెండు వారాల కిందట ఒక మధ్యాహ్నం మీ ఇంట్లో ఫోన్ మోగింది. నువ్వు రెండుసార్లు "హలో, ఎవరండీ" అన్నావు. అవతల ఎవరూ పలక్కుండా పెట్టేశారు. అది నేనే. మా టైలర్ మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు కొట్టు ఫోన్లోంచి చేశాను. నీ గొంతు వినగానే ఏడుపొచ్చేసింది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద ఏడ్చినా ఎవరికీ వినపడదు.

మేం ఉండేది మూడో అంతస్తు. వంటిల్లు మరీ ఇరుకు. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో నీ మోచెయ్యి తగలకుండా నేను పని చేసిన రోజు లేదు. ఇక్కడ చెయ్యి ఎటు చాపినా గోడే తగులుతుంది. పగలంతా కొట్టులో బడిపిల్లల చొక్కాలకి కాజాలు కుడతాను, బొత్తాలు వేస్తాను. మీ మరిది బస్సు డిపోలో అప్పగించి వస్తారు, తింటారు, పడుకుంటారు. వాళ్ళ అన్నయ్య ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతారు. మామయ్య పోయిన రోజు అన్నదమ్ములు అనుకున్న మాటలు మాతోపాటే ఈ ఇంటికీ వచ్చాయి.

డాబా మీదికి ఎవరూ రారు. పాత రంగు డబ్బాలు నాలుగు తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, మామయ్య పచ్చిగా తినే లెట్యూస్ ఆకు గింజలు వేశాను. పన్నెండు రోజులైంది, ఒక్కటీ మొలవలేదు. హోటల్లో ముప్పై ఏళ్ళు వంట చేసి, ఆ ఆకుమీద మోజుతో పెరడంతా పండించిన మనిషికి కోడల్ని నేను! చూస్తే నవ్వేవారు. వేలితో లోతుగా గుంట చేసి, ఒక్కో గింజా జాగ్రత్తగా కప్పెట్టాను కూడా. ఏం తప్పు చేశానంటావు?

జవాబు ఇంటికి రాయకు. కొట్టు చిరునామా వెనక రాశాను.

నీ పిచ్చుక

*

నవంబర్ 14

పిచ్చుకా,

పాతిపెట్టావుటే! చదివి ఒక్కదాన్నీ పకపకా నవ్వాను. ఆ నవ్వు నాకే కొత్తగా వినిపించి చప్పున ఆపేశాను.

లెట్యూస్ గింజకి వెలుతురు తగలాలే తల్లీ. మట్టి మెత్తగా చేసి, పైన చల్లి, అరచేత్తో నెమ్మదిగా అదుము, అంతే. చెంబుతో గుమ్మరించావంటే అన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. చేత్తో చిలకరించు. మీ డాబా వేడిగా ఉంటే, గింజల్ని తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు చల్లు. మామయ్య గింజలే కాగితంలో మడిచి పంపుతున్నాను. తుమ్మకు, ఎగిరిపోతాయి.

ఇక్కడ ఏముంది చెప్పడానికి. మీ బావగారు వడ్రంగి కొట్టునుంచి కనుబొమ్మల్లో రంపంపొట్టుతో వస్తారు. మా మాటలన్నీ ఇప్పుడు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి: అయిందా, ఉందా, వస్తా, పడుకో, ఊఁ. నువ్వున్నప్పుడు నీ వాగుడికి చెవులు నొప్పెడుతున్నాయనేదాన్ని. ఇప్పుడు రేడియో పెట్టుకుని వంట చేస్తున్నాను. అందులో ఎవరు ఏం చెబుతున్నారో కూడా వినను.

మొన్న ఆదివారం మీ బావగారు పెరట్లో నీ మడి తవ్వేశారు. అదిగో పోస్ట్‌మాన్ గేటు దగ్గర బెల్లు కొడుతున్నాడు, ఇది అతని చేతికే ఇచ్చేస్తాను.

అక్క

*

నవంబర్ 29

అక్కకి,

గింజలు అందాయి. నువ్వు చెప్పినట్టే చేశాను. ఐదో రోజుకి మొలిచాయి. సూదిమొనంత పచ్చదనం, రెండేసి ఆకులు. బాగా ఒత్తుగా వచ్చాయి. కొన్ని పీకెయ్యాలంటారు కదా, నాకు చేతులు రావడం లేదు.

నా మడి తవ్వేశారని రాశావు. మంచిదేలే. వెళ్ళిపోయిన వాళ్ళ మడి అలా ఎంతకాలం ఉంచుతారు? మామయ్య మడి, నీ మడి చాలు ఇద్దరికి. దాని గట్టు మీద ఇటుకలు నేనే పేర్చాను. పనికొస్తే ఎక్కడైనా వాడుకోండి.

మేస్త్రి పిలుస్తున్నాడు.

ఇట్లు,
నీ తోడికోడలు

*

డిసెంబర్ 8

పిచ్చుకా,

"ఇట్లు, నీ తోడికోడలు" ట! ఎవరికి రాస్తున్నావే, కోర్టుకా? ఆ ముక్క చదివాక రోజంతా ముద్ద దిగలేదు. తప్పు నాదే. సగం చెప్పి పోస్ట్‌మాన్ చేతికి ఇచ్చేశాను.

మీ బావగారు నీ మడి తవ్వింది తీసెయ్యడానికి కాదు. మట్టి గుల్లచేసి, ఎరువు కలిపి, ఆయనే గింజలు చల్లారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఒక గింజ చల్లడం నేను చూళ్ళేదు. నీ ఇటుకలు అక్కడే ఉన్నాయి. ఒకటి విరిగితే దాని బదులు చెక్కముక్క చిత్రిక పట్టి అమర్చారు. ఎవరికోసమని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.

మొలకలు పీకడానికి జాలి పడకు. ఒక్కోదానికి జానెడు చోటు కావాలి. లేకపోతే అన్నీ కలిసి నీరసంగా సాగుతాయి. పీకినవి పారెయ్యకుండా వేరే డబ్బాలో నాటు, సగమైనా బతుకుతాయి. తెల్లవారుతూనే వెళ్ళి ఆకుల అడుగున చూడు, నత్తలుంటే ఏరెయ్యి. కోసేటప్పుడు మొక్కంతా కోసెయ్యకు. చుట్టూ ఉన్న పెద్దాకులు తీసుకుని మధ్యలో మొవ్వు వదిలెయ్యి, మళ్ళీ వేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎండెక్కక ముందే కోయాలి.

నీ మీద ఒట్టు, ఇంకెప్పుడూ సగం చెప్పను.

నీ అక్క

*

జనవరి 5

అక్కా,

ముందు నన్ను క్షమించు. కొట్టులో ఎవరూ లేనప్పుడు నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. బావగారు గింజలు చల్లుతున్నట్టు ఊహించుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నిన్న మొదటి కోత. పొద్దున్నే డాబా ఎక్కి పద్నాలుగు ఆకులు కోశాను. తుంచిన చోట పాలు కారాయి. కడిగి, ఉప్పూ నిమ్మరసం చల్లి మీ మరిది ముందు పెట్టాను. ఏమిటని కూడా అడక్కుండా ఒకటి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపేశారు.

"ఇది నాన్న ఆకు. గింజలెక్కడివి?"

"కొన్నాను," అన్నాను.

"కొన్నవి ఇలా ఉండవు. అన్నయ్యేమన్నా పంపాడా?"

లేదన్నాను. అది నిజమే కదా. ఆయన కంచం పక్కకి జరిపారు. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆ రోజు సంగతి చెప్పారు. "నాకు కబురు అందింది నాలుగింటికి. సగం దారిలో కంట్రోలర్ బస్సాపి చెప్పాడు. బస్సు ఇంకొకరికి అప్పగించి పరిగెత్తుకొచ్చేసరికి ఆరైంది. నాన్న ఐదున్నరకే పోయాడు. అన్నయ్యేమో పన్నెండింటికే ఫోన్ చేయించానని, నేను జనాన్ని దించుకుంటూ తీరిగ్గా వచ్చానని పదిమందిలో అన్నాడు. డిపోలో అడిగాను. ఫోన్ వచ్చింది మూడు దాటాకేనట. అన్నయ్య చెయ్యడం మర్చిపోయి నా మీదికి తోశాడు."

"అక్కని అడగకపోయారా," అన్నాను. "వదినని ఇందులోకి లాగితే నా అంత నీచుడు ఉండడు," అన్నారు.

అక్కా, ఆ రోజు డిపోకి ఫోన్ చేసింది నువ్వే కదా? ఎన్నింటికి చేశావో ఒక్క ముక్క రాస్తే, తప్పు ఆ డిపోవాళ్ళదని తేలిపోతుంది. అన్నదమ్ములిద్దరికీ చూపిస్తాను.

నీ పిచ్చుక

*

జనవరి 16

పిచ్చుకా,

ఉత్తరం అందింది. ఇక్కడ మూడు మడులూ బాగున్నాయి. నీ డబ్బాల్లో మట్టి పైన ఎండినట్టు కనిపించినా వేలు పెట్టి చూసి అప్పుడే నీళ్ళు పొయ్యి. ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. ఆకు అంచులు గోధుమరంగు తిరిగితే నీళ్ళు ఒకరోజు పోసి ఒకరోజు మానేస్తున్నావన్నమాట.

నాకు కొంచెం నలతగా ఉంది.

అక్క

*

జనవరి 30

అక్కా,

నలత అంటే ఏమిటి? జ్వరమా, మోకాళ్ళా? సగం చెప్పనని ఒట్టేసి మళ్ళీ సగమే చెప్పావు. బావగారు డాక్టరుకి చూపించారా, లేక అక్కడ కూడా "ఊఁ" అనేశారా?

లేకపోతే నా ఉత్తరం చదివి కోపం వచ్చిందా? బావగారు మర్చిపోయారని మీ మరిది అన్న మాట నేను రాయకుండా ఉండాల్సింది. నీ భర్తని ఒక మాట అంటే నీకు గుచ్చుకోదా? అంత తెలివి నాకెక్కడ ఏడ్చింది. ఆ ఫోన్ సంగతి వదిలెయ్. నేను అడగలేదనుకో.

పీకి నాటినవాటిలో పదకొండు బతికాయి. రోజూ కొట్టుకి పోయేముందు పైకెళ్ళి వాటితో నాలుగు మాటలు చెప్పి వస్తున్నాను. ఇంకెవరితో చెప్పను?

జవాబు రాయి. తిట్టయినా సరే.

నీ పిచ్చుక

*

ఫిబ్రవరి 9

పిచ్చుకా,

నాకు జ్వరమూ లేదు, కోపమూ లేదు. రేపటికి మామయ్య పోయి ఏడాది. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను.

ఆ రోజు పొద్దున్నించీ ఆయనకి ఆయాసం. పన్నెండింటికి మీ బావగారు డాక్టరు కోసం పరిగెత్తుతూ, "డిపోకి ఫోన్ చేసి తమ్ముణ్ణి రమ్మను," అన్నారు. నువ్వేమో మీ అమ్మగారింట్లో ఉన్నావు. నేను ఫోన్ దగ్గరికి వెళుతుంటే మామయ్య కళ్ళు తెరిచారు. "వాణ్ణి కంగారు పెట్టకమ్మాయ్, బస్సు నిండా జనం ఉంటారు. ముందు ఆకు కోసుకురా. ఇవాళ ఎవరూ కొయ్యనే లేదు, ఎండకి వాడిపోతోంది," అన్నారు.

ఆయన మాట కాదనలేక ఆగానని చెప్పుకోవచ్చు. కానీ జరిగింది అది కాదు. ఆయన అంత స్పష్టంగా మాట్లాడి వారం దాటింది. గండం గడిచిందనుకున్నాను. పెరట్లోకి వెళ్ళి కోశాను. ఆ ఎండలో ఆకు గుడ్డపేలికలా వేలాడుతోంది. అలా ఇస్తే ఆయన ముట్టరు. చన్నీళ్ళలో వేసి అరగంట ఆగాలి కదా. ఆ అరగంటా ఆయన హోటల్ కబుర్లు చెప్పారు. పెద్ద వంటవాడు గరిటె విసిరితే గోడకి గుచ్చుకున్న సంగతి. ఇద్దరం నవ్వాం. ఆకు మళ్ళీ పెళపెళలాడుతూ లేచింది. రెండాకులు తిన్నారు. ఇంకో కబురు మొదలెట్టారు. నేను వింటూ కూర్చున్నాను. ఈ ఇంట్లో నన్ను "అమ్మాయ్" అని పిలిచే మనిషి ఆయనొక్కరే. ఇంకొంచెంసేపు వినాలనిపించింది. ఫోన్ గుర్తుంది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

మూడింటికి ఊపిరి మారింది. అప్పుడు చేశాను.

మూడున్నరకి మీ బావగారు నాలుగు చోట్ల తిరిగి డాక్టరుతో వచ్చి, "ఫోన్ చేశావా?" అన్నారు. "చేశాను," అన్నాను. ఆయన పన్నెండింటి సంగతి అడుగుతున్నారని నాకు తెలుసు. నేనన్నదాంట్లో అబద్ధం లేదు, కానీ మూడు గంటలు అందులో దాచేశాను. సాయంత్రం అన్నదమ్ములు అరుచుకుంటుంటే నేను వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. మర్నాడు చెబుదామనుకున్నాను. అలా ఏడాది గడిచింది. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంటే కూడా చెప్పలేదు.

ఈ ఉత్తరం మరిదికి చూపిస్తావో, పొయ్యిలో వేస్తావో నీ ఇష్టం. మీ బావగారికి నేనే చెబుతాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

అక్క

*

ఫిబ్రవరి 27

పైన ఏమని పిలవాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

మీ ఉత్తరం కొట్టులో చదివాను. ఆ రోజు ఒక చొక్కాకి బొత్తాలన్నీ తిరగేసి కుట్టాను. మేస్త్రి చివాట్లు పెట్టాడు. పదిరోజులు ఆ కాగితం రవికెలో పెట్టుకు తిరిగాను. డాబా మీదికి పోలేదు. ఎనిమిది నెలలుగా నేను ఈ మూడో అంతస్తులో గోడలతో మాట్లాడుతున్నాను. మీకు తెలుసు. తెలిసీ నాకు గింజలు మడిచి పంపారు, ఎలా చల్లాలో చెప్పారు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. మీరు ఆ రోజు నోరు తెరిస్తే మేం ఇల్లు కదిలేవాళ్ళం కాదు.

నిన్న ఆయనకి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "అయితే నాన్న తిన్నాడన్నమాట," అన్నారు. ఆ రోజు నాన్న ఏమీ తినకుండా పోయాడనే అనుకుంటున్నారట ఏడాదిగా. తర్వాత మొహం కడుక్కోవడానికి వెళ్ళి, పంపు చాలాసేపు వదిలేశారు.

ఉప్పు వేసుకుని తిన్నాడా అని మిమ్మల్ని అడగమన్నారు. అడుగుతున్నాను.

*

మార్చి 8

పిచ్చుకా,

మరిదికి చెప్పు. ఉప్పు వేసుకున్నారు. నిమ్మకాయ కూడా అడిగారు. ఇంట్లో లేదు. "పోనీలే, ఆకు బాగుంది," అన్నారు.

నన్ను "మీరు" అన్నావు. ఆ ఉత్తరంలో మిగతాదంతా నాకు తగినదే. ఈ ఒక్కటీ ఓర్చుకోలేకపోయాను.

మీ బావగారికి ఫిబ్రవరి పదిన చెప్పాను. భోజనం చేస్తున్నారు. అంతా విన్నారు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి మూడు మడులకీ నీళ్ళు పెట్టి వచ్చారు. ఆ మర్నాటి నుంచి కంచం ముందుగదిలోకి తీసుకెళ్ళి తింటున్నారు. అరిచినా బాగుండేది. ఒక చేతి వేళ్ళకి సరిపోయే మాటలని ఒకప్పుడు నీతో వేళాకోళంగా రాశాను. ఇప్పుడు ఆ ఐదూ లేవు. రేడియో కూడా పెట్టడం లేదు. ఆయన గడప దాటిన చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు వింటూ ఉంటాను.

ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. లెట్యూస్ మధ్యలోంచి కాడ లేస్తోంది, ఇంక ఆకు చేదెక్కుతుంది.

అక్క

*

మార్చి 19

అక్కా,

నిన్న జరిగింది నీకు తెలియదనే అనుకుంటున్నాను. బావగారు నీకు చెప్పి ఉండరు.

మీ మరిది మొదటి ట్రిప్పులో అద్దంలోకి చూస్తే వెనక సీట్లో బావగారు. "ఎక్కడికి?" అని కండక్టర్ అడిగితే, "చివరిదాకా," అన్నారట. చివరి స్టాపులో జనం దిగారు, బావగారు దిగలేదు. ఈయన ఇంజను ఆపి, "అన్నయ్యా, బస్సు ఇంక పోదు," అన్నారట. "నువ్వు చెప్పిందే నిజంరా. నాలుగింటికే," అన్నారట బావగారు. అంతే. ఇద్దరూ ఆ ఖాళీ బస్సులో కూర్చుండిపోయారట.

మధ్యాహ్నం మా ఇంటికి తీసుకొచ్చారు. బావగారు మా తలుపు బిగుసుకుపోతోందని గడియ విప్పి సరిచేశారు. డాబా ఎక్కి డబ్బాలు చూశారు. మోకాళ్ళ సంగతి, కలప సంగతి, అన్నీ మాట్లాడారు. నీ సంగతి ఒక్కటే మాట్లాడలేదు. ఉండబట్టలేక, "అక్క ఎలా ఉంది బావగారూ?" అన్నాను. "ఉంది," అన్నారు. మీ మరిది తల దించుకున్నారు.

వాళ్ళు నవ్వుకుంటుంటే నాకు సంతోషంగా ఉండాలి కదా. లేదు. నీ మీద కోపం ఇంకా పోలేదు అక్కా, అబద్ధం ఎందుకు. కానీ నిన్నొక్కదాన్నీ పక్కన పెట్టేసి వాళ్ళిద్దరూ కలిసిపోయారని ఇంకో కోపం కొత్తగా వచ్చింది. రెండింట్లో ఏది పెద్దదో నాకే తేలడం లేదు.

వెళ్ళేటప్పుడు బావగారికి కొన్ని ఆకులు కోసిచ్చాను. మండుటెండలో కోశాను. ఎలా ఉన్నాయో ఏమో.

పిచ్చుక

*

మార్చి 25

పిచ్చుకా,

ఆకులు అందాయి. వాడిపోయే వచ్చాయి. నేను నీళ్ళలో వేసి లేపాను. ఆయన ఒకటి తిని కంచం పక్కన పెట్టేశారు. అప్పుడు మాట్లాడారు. నలభై రోజుల తర్వాత నేను విన్న మొదటి మాట ఇది: "చేదెక్కింది. ఆ డాబా మీద నీడ లేదు. గోనెపట్టా కట్టాలని ఆ పిల్లకి తెలియదు. నువ్వు వెళ్ళు."

వెళ్ళి రా అనలేదు. వెళ్ళిపో అనలేదు. వెళ్ళు అన్నారు. ఆ మాటని వారం రోజులుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. మొహం చూసి పోల్చుకుందామంటే అప్పటికే ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

గురువారం వస్తున్నాను. మరిది నడిపే బస్సు ఎక్కే ధైర్యం లేదు, దాని తర్వాతి దానికి వస్తాను. నువ్వు రమ్మనలేదని తెలుసు. నీ కోపాన్ని తగ్గించుకోమని అడగడానికి రావడం లేదు. తలుపు తియ్యాలనిపించకపోతే తియ్యకు. డాబా మీద పట్టా కట్టేసి, ముదిరిన మొక్కలు తీసేసి, ఒక్కటి మాత్రం విత్తనానికి వదిలి మెట్ల మీద కూర్చుంటాను. నువ్వు కొట్టునుంచి వచ్చేదాకా ఉంటాను.

ఇందాక సంచి సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. బట్టలు ఎన్ని జతలు పెట్టుకోను అని అడుగుదామనుకున్నాను. అడిగితే చెబుతారేమోనని భయం వేసింది. రెండు జతలు పెట్టి, సంచి మూతి కట్టకుండా అలాగే వదిలేశాను.

నీ అక్క